వేట బాణానికి కాడ ఎంచుకోవడం: ముందు బరువు, తర్వాత వంపు, ఆపైనే కార్బనా అల్యూమినియమా

విల్లుతో జింక వేట మొదలుపెట్టేవాళ్లు షాపులో ముందుగా అడిగేది "కార్బన్ మంచిదా, అల్యూమినియం మంచిదా?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొత్తం బాణం ఎంత బరువుండాలి, కాడ ఎంత వంగాలి అన్నవి ముందు తేలాలి. అవి తేలాక ఒకే బరువు, ఒకే వంపుతో రెండు మూడు పదార్థాల్లో కాడలు దొరుకుతాయి. అప్పుడు చూసుకోవలసింది, దెబ్బతిన్న కాడను వదిలేముందు మీరు గుర్తుపట్టగలరా అన్నది.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ రాసేదంతా లైసెన్సుతో విల్లు వేటకు అనుమతి ఉన్న అమెరికా సంగతి. కనీస డ్రా వెయిట్ (తాడును పూర్తిగా లాగడానికి పట్టే బలం, పౌన్లలో), బ్రాడ్‌హెడ్ (పదునైన రెక్కలున్న వేట మొన) వెడల్పు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి సీజన్‌కు ముందు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు చదవండి.

బరువు లెక్క

బాణం బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు, గ్రాముకు సుమారు 15.4. విల్లు డ్రా వెయిట్‌లో ఒక్కో పౌనుకు కనీసం 5 గ్రెయిన్ల బాణం ఉండాలి. అంతకన్నా తేలికైతే విల్లులోని శక్తి బాణంలోకి పోక లింబుల్లో (విల్లు వంగే చేతుల్లో), తాడులో, క్యాముల్లో (లింబుల చివర చక్రాల్లో) మిగులుతుంది. బాణం లేకుండా తాడు వదిలినంత పనే అది. లింబు చీలవచ్చు, విల్లు వారంటీ కూడా పోతుంది.

5 అన్నది విల్లు భద్రత కోసం పెట్టిన హద్దు. వేటకు అది చాలదు. వైట్‌టెయిల్ జింకకు కాంపౌండ్ విల్లుతో, అంటే క్యాములున్న విల్లుతో, పౌనుకు 6.5 నుంచి 8 గ్రెయిన్ల మధ్య ఉంటే బాగుంటుంది. 60 పౌన్ల విల్లుకు అది 390 నుంచి 480 గ్రెయిన్లు. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకు పై అంచు వైపు వెళ్లండి. క్యాములు లేని రికర్వ్‌కు, లాంగ్‌బోకు పౌనుకు 8 నుంచి 10. బరువైన బాణం వేగం తగ్గినా చప్పుడు తగ్గిస్తుంది, లోతుగా దిగుతుంది. 20, 25 గజాల్లో తాడు చప్పుడుకే జింక కిందికి వంగి తప్పించుకుంటుంది. అందుకే అక్కడ వేగం మీద మోజుకన్నా నిశ్శబ్దమే ఎక్కువ పనికొస్తుంది.

కాడ మీద అంగుళానికి ఎన్ని గ్రెయిన్లో ఇస్తారు. అంగుళానికి 9 గ్రెయిన్ల కార్బన్ కాడ 28 అంగుళాలైతే 252. దానికి మొన 100, ఇన్సర్ట్ (మొనను బిగించడానికి కాడలో అంటించే ముక్క) 25, నాక్ (తాడు పట్టే వెనక గాడి ముక్క) 10, మూడు వేన్లు (వెనక ఈకలు) 18 కలిపితే 405. 60 పౌన్ల విల్లుకు పౌనుకు 6.75 పడింది. ఆ అల్యూమినియం ఇన్సర్ట్ తీసి 50 గ్రెయిన్ల ఇత్తడిది పెడితే 430కి చేరుతుంది, పెరిగిన బరువంతా ముందు వైపే ఉంటుంది.

ముందు బరువూ చూసుకోవాలి. బాణాన్ని అంచు మీద నిలబెట్టి అది సమంగా నిలిచే చోటు గుర్తుపెట్టండి. నాక్ గాడి నుంచి ఆ చోటికి దూరం కొలిచి, బాణం పొడవులో సగం తీసేసి, మిగిలినదాన్ని మొత్తం పొడవుతో భాగించి 100తో గుణించండి. 10 నుంచి 15 శాతం మధ్య వస్తే వేటకు సరిపోతుంది. పొడవు కొలిచేటప్పుడు మొనను కలపవద్దు, నాక్ గాడి నుంచి కాడ చివరి వరకే.

స్పైన్

కాడ వంపును స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద కాడ పెట్టి, నడిమధ్య 1.94 పౌన్లు, అంటే 880 గ్రాములు వేలాడదీస్తారు. 0.400 అంగుళం దిగితే అది 400 స్పైన్. అంకె తగ్గేకొద్దీ కాడ గట్టిపడుతుంది: 500 మెత్తన, 340 గట్టి, 300 ఇంకా గట్టి.

28 అంగుళాల కాడ, 100 గ్రెయిన్ల మొన, 60 పౌన్ల కాంపౌండ్ విల్లుకు 400 దగ్గర మొదలుపెట్టవచ్చు. 70 పౌన్లు, 29 అంగుళాలకు 340, వేగం ఎక్కువిచ్చే క్యాములైతే 300. చివరి మాట కాడ తయారీదారు చార్టుదే. మొన బరువు పెంచినా, కాడ పొడవు పెంచినా బాణం మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. అందుకే 100 గ్రెయిన్ల మొనకు కొన్న కాడకు 150 బిగించి, ఇత్తడి ఇన్సర్ట్ కూడా జోడిస్తే చార్టులో ఇంకా గట్టి కాడల గడి చూడాలి. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. సందేహం ఉంటే కాంపౌండ్‌కు ఒక మెట్టు గట్టి కాడే తీసుకోండి. మెత్తని కాడకు బ్రాడ్‌హెడ్ బిగిస్తే దాని రెక్కలకు గాలి తగిలి దారి తప్పుతుంది.

కార్బన్

ఇప్పుడు వేటగాళ్లలో ఎక్కువమంది వాడేది ఇదే. తేలిక, వంగి మళ్లీ నిటారవుతుంది, వానకు చలికి మారదు. పెట్టె మీద నిటారుతనం ±.001, ±.003, ±.006 అంగుళాలని రాసి ఉంటుంది. 30 గజాల లోపు వేటకు ±.003 చాలు. ±.006 సాధనకు బాగానే ఉంటుంది కానీ స్థిరమైన రెక్కల బ్రాడ్‌హెడ్‌తో చెదురుతుంది. ±.001కి పెట్టే అదనపు డబ్బు మంచి బ్రాడ్‌హెడ్‌ల మీద పెట్టడం మేలు. డజను కొన్నాక ఒక్కొక్కటీ గ్రెయిన్ తూకంలో పెట్టి, బాగా తేడా ఉన్నవి సాధనకు పక్కన పెట్టండి.

లోపలి వ్యాసం .246, .204, .166 అంగుళాలుగా ఉంటాయి. సన్నని కాడ పక్కగాలికి తక్కువ జరుగుతుంది. కానీ ఇన్సర్ట్‌లు ఖరీదు, మొన దగ్గర బలం వాటి మీదే ఆధారపడుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు .246 సుఖం: ఇన్సర్ట్‌లు, నాక్‌లు ఏ షాపులోనైనా దొరుకుతాయి.

కార్బన్‌లో అసలు కష్టం పగులు కంటికి కనిపించకపోవడం. రాయికో, చెట్టుకో, ఇంకో బాణానికో తగిలిన కాడ చూడటానికి కొత్తదానిలా ఉంటుంది, తర్వాతి సారి వదిలినప్పుడు విల్లు పట్టిన చేతిలోకి చీలికలై దిగుతుంది. అందుకే ప్రతిసారీ వదిలేముందు ఇది చేయండి. కళ్లద్దాలు, చేతొడుగులు వేసుకుని, కాడ రెండు చివర్లూ పట్టుకుని ముఖానికి దూరంగా ఒకటి రెండు అంగుళాలు వంచండి. కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ నాలుగైదు చోట్ల అలా వంచాక, రెండు వైపులకూ మెలితిప్పండి. చిటపట వినిపించినా, వేళ్ల కింద ఎక్కడైనా మెత్తగా లొంగినా కాడను విరిచి చెత్తలో వేయండి. దూదిని పొడవునా లాగితే పోగులు చిక్కుకునే చోటే చీలిక. జింక ఒంట్లో కాడ విరిగితే ఆ గాయం చుట్టూ మాంసం కోసి పారేయాలి. కార్బన్ పోగులు కడిగితే పోవు.

అల్యూమినియం

దీని తప్పు కళ్లకు కనిపిస్తుంది, దీని గొప్పతనం అదే. వంగితే గాజు పలక మీద దొర్లించినప్పుడు ఎగిరెగిరి పడుతుంది. కొద్దిగా వంగినదాన్ని షాపులో డయల్ పరికరంతో సరిచేయవచ్చు. నొక్కు పడినదాన్ని, పగిలినదాన్ని పారేయాల్సిందే.

పేరులోనే కొలత ఉంటుంది. 2117 అంటే బయటి వ్యాసం అంగుళంలో 64 వంతుల్లో 21, గోడ మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 17. ఈ కాడ అంగుళానికి సుమారు 12 గ్రెయిన్లు, కాబట్టి 28 అంగుళాలకే 336. బరువు ఊరికే వస్తుంది, డబ్బు తక్కువ. బాణాలు ఎక్కడ పడితే అక్కడ పడేసేవాళ్లకు మాత్రం సీజన్ మధ్యలోనే సగం వంగిపోతాయి.

కార్బన్ మీద అల్యూమినియం తొడుగు వేసిన కాడలు బరువైనవి, టార్గెట్ నుంచి సులువుగా వస్తాయి. 5 మిల్లీమీటర్ల రకంలో 340 స్పైన్ కాడ అంగుళానికి 11 గ్రెయిన్ల పైనే. కానీ పై తొడుగు వంగితే లోపలి కార్బన్ దాన్ని తిరిగి నిటారు చేయలేదు, కాబట్టి రెండు రకాల పరీక్షలూ చేయాలి.

చెక్క

లాంగ్‌బో, రికర్వ్‌లకే. కాంపౌండ్ విల్లులో చెక్క బాణం ఎప్పుడూ పెట్టకూడదు, విరిగి చేతిలోకి దిగుతుంది. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ తేలిక, డగ్లస్ ఫర్ బరువు, దెబ్బకు ఆగుతుంది. వ్యాసం 5/16, 11/32, 23/64 అంగుళాలు. ఇక్కడ స్పైన్‌ను విల్లు పౌన్లలోనే చెబుతారు. నాక్ గాడిని చెక్క వలయాలకు అడ్డంగా పెట్టాలి, అప్పుడే గట్టి వైపు విల్లుకు ఆనుతుంది. తేమకు వంగుతుంది కనుక వార్నిష్ మూడు పూతలు వేసి, నిలువుగా ఆరబెట్టండి. ఫైబర్‌గ్లాస్ కాడలు చేపల వేటకు తప్ప వద్దు.

కోయడం, అంటించడం

విల్లు పూర్తిగా లాగి, రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే ఆధారం) నుంచి కనీసం ఒక అంగుళం ముందుకు గుర్తు పెట్టించుకోండి, అదే కనీస పొడవు. పొట్టిగా కోస్తే బాణం రెస్ట్ వెనక్కి జారి చేతి మీద పడుతుంది. కార్బన్‌ను పైపు కట్టర్‌తో కోయవద్దు, పోగులు చీలుతాయి. వేగంగా తిరిగే అబ్రేసివ్ చక్రం కావాలి, మాస్క్ తప్పనిసరి. కోసిన అంచును చదును చేసే పరికరంతో సమం చేయండి, లేకపోతే ఇన్సర్ట్ వంకరగా కూర్చుంటుంది. లోపల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి, కార్బన్‌కు ఎపాక్సీ రాసి 24 గంటలు వదలండి. అల్యూమినియంకు హాట్ మెల్ట్ చాలు. కార్బన్ కాడను మాత్రం మంటకు చూపకూడదు, లోపలి రెజిన్ దెబ్బతింటుంది.

చివరగా బ్రాడ్‌హెడ్ బిగించి, బాణాన్ని స్పిన్నర్ మీద తిప్పండి. మొన చివర వణికితే మరో బ్రాడ్‌హెడ్ బిగించి చూడండి, అప్పటికీ వణికితే ఇన్సర్ట్ తప్పు. తర్వాత 20 గజాల నుంచి ఫీల్డ్ పాయింట్‌తో (రెక్కలు లేని సాధన మొనతో) ఒకటి, బ్రాడ్‌హెడ్‌తో ఒకటి వదలండి. రెండూ ఒకచోటే పడేవరకు రెస్ట్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ సరిచేయండి. ఎంత జరిపినా కలవకపోతే స్పైన్ ఎంపికకు తిరిగి వెళ్లాలి. కాడల మీద అంకెలు వేసి పెట్టుకుంటే, గుంపు నుంచి పదేపదే తప్పుకునేది ఏదో తెలుస్తుంది. దాన్ని సాధనకు వదిలేయండి, జింక మీదికి మాత్రం వద్దు.