“ఇంగ్లిషు రాదండి” అంటే ఏది రాదు? ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు సమస్య - పరిష్కారం

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఆరో తరగతి పిల్లల అమ్మానాన్నలు నాతో అనే మాట దాదాపు ఒక్కటే. “మేడం, మా గుంటడికి ఇంగ్లిషు రాదండి. మిగతాయన్నీ బాగానే సదువుతాడు, ఇదొక్కటే.”

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిషు చెప్తున్నాను. “ఇంగ్లిషు రాదు” అనేది “ఒంట్లో బాగులేదు” లాంటి మాట. జ్వరమా, కడుపునొప్పా, నీరసమా అని తేలకుండా ఎవరూ మందు రాయరు. పిల్లవాడు అక్షరం దగ్గర ఆగుతున్నాడా, అర్థం దగ్గరా, వాక్యం కూర్చడం దగ్గరా, నోరు విప్పడం దగ్గరా అన్నది ముందు చూడాలి. ఒక్కోదానికి మందు వేరు.

ఆరో తరగతిలో ఏం మారుతుందో కూడా తెలిసి ఉండాలి. ఐదు దాకా ఇంచుమించు ఒకే టీచరు దగ్గర కూర్చున్న పిల్లకి ఇక్కడ సబ్జెక్టుకో టీచరు వస్తారు. ఇంగ్లిషు పీరియడ్ అంటే కథ, పద్యం, ఆ పాఠంలోని కొత్త మాటలు, కాస్త వ్యాకరణం, ఒక ఉత్తరమో డైరీయో సంభాషణో రాయడం, టీచరు చదివితే విని జవాబు చెప్పడం. వీటికి తోడు ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టులు. ప్రశ్నలూ జవాబులూ బట్టీపడితే గడిచిపోయే చదువు ఇక్కడితో ఆగిపోతుంది. సగం సమస్యలు బయటపడేది అందుకే.

సమస్య: అక్షరాలన్నీ వచ్చు, మాట చదవమంటే ఆగిపోతాడు

తెలుగులో ‘క’ అనే అక్షరం పేరూ అదే, పలికేదీ అదే. ఇంగ్లిషులో ‘సి’ అనేది పేరు మాత్రమే. పలికేటప్పుడు అది ఒకచోట ‘క’ అవుతుంది, ఒకచోట ‘స’ అవుతుంది. ఉన్నది 26 అక్షరాలు, వాటితో పలికించాల్సిన శబ్దాలు సుమారు 44. సి, ఏ, టి అని పేర్లు కలుపుకుంటూ పోతే ‘సీయేటీ’ వస్తుంది గానీ ‘క్యాట్’ రాదు. పిల్లవాడు తెలుగు చదివే పద్ధతినే నమ్ముకుని ఇక్కడా వాడుతున్నాడు. వాడిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఒకే తోక ఉన్న మాటల్ని ఒక కుటుంబంగా ఇవ్వండి. క్యాట్, బ్యాట్, మ్యాట్, ర్యాట్. మర్నాడు పిన్, టిన్, విన్. రోజుకో కుటుంబం, పది నిమిషాలు చాలు. పదకొండేళ్లవాడు ఒకటో తరగతి పని అని చిన్నబుచ్చుకుంటాడు. అందుకే నేను ఈ పని అందరి ముందూ చేయించను, మధ్యాహ్నం భోజనాల తర్వాత నలుగురైదుగురిని వరండాలో కూర్చోబెడతాను. ‘నైఫ్’ మొదట్లో పలకని ‘కే’ ఎందుకుందని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో అడుగుతారు. ఒకప్పుడు ఇంగ్లిషువాళ్లు దాన్ని పలికేవారు, నోటిమాట మారింది, రాత మారలేదు అని చెప్తే పిల్లలకు భలే నచ్చుతుంది. ఆ తర్వాత స్పెల్లింగు మీద కోపం తగ్గుతుంది.

సమస్య: గడగడా చదువుతుంది, అర్థం అడిగితే మాట లేదు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అన్నిటికంటే ఆలస్యంగా బయటపడేది ఇదే. చదువు వినిపిస్తోంది కాబట్టి ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు.

ఏడో తరగతిలో ఒక పిల్ల పాఠం చాలా చక్కగా చదివింది. దగ్గరికెళ్లి పుస్తకం చూశాను. ప్రతి ఇంగ్లిషు మాట నెత్తినా పెన్సిలుతో సన్నగా తెలుగు అక్షరాలు. ‘ది’ మీదా ఉన్నాయి, ‘అండ్’ మీదా ఉన్నాయి. వేలు ఇంగ్లిషు వరస కింద కదులుతోంది, కళ్లు మాత్రం పై వరస మీదే ఉన్నాయి. నోటుబుక్కు నుంచి ఒక కాగితం పట్టీ చింపి ఆ పెన్సిలు వరసని కప్పాను. మూడో మాట దగ్గర ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల అప్పటిదాకా చదివింది తెలుగు లిపిని. ఇంగ్లిషు ఆ పేజీలో ఉందన్నమాటే గానీ, తన కంట్లో పడలేదు.

ఇది చూసి మొత్తం చెరిపేయమంటే పిల్ల బెదిరిపోతుంది. ఒక్కసారిగా వద్దు. పేజీకి ఐదు మాటలకే తెలుగు రాసుకోనివ్వండి, అదీ మాట నెత్తిన కాదు, పేజీ అంచున. అవసరమైతే కన్ను పక్కకి వెళ్లి రావాలి, ఆ శ్రమే మాటను గుర్తుపెట్టిస్తుంది. రెండోసారి చదివాక రెండు చెరపాలి, మూడోసారికి మిగతావి. నెల తిరిగేసరికి అంచులు ఖాళీ అవుతాయి.

ఇక అర్థం సంగతి. పుస్తకం తెరవకముందే పాఠం దేని గురించో మన మాటల్లో మాట్లాడతాను. బొమ్మ చూపించి ఏం జరిగి ఉంటుందో ఊహించమంటాను. తర్వాత ఒక్క పేరా మాత్రం, పెదవులు కదపకుండా చదవమంటాను. తెలియని మాట కింద గీత గీస్తారు. చదివాక “ఇందల ఏటయింది?” అని అడుగుతాను. “ఏటయిందంటే మేడం, ఆ ముసిలాయన కుక్కపిల్లని ఇంటికి తెచ్చీసినాడు. ఆళ్లావిడికి కోపమొచ్చింది.” ఇలా చెప్పగలిగితే పిల్లకి పాఠం అర్థమైనట్టే. ఆ తర్వాతే ఇంగ్లిషులో ఒక చిన్న వాక్యం అడుగుతాను. ఇంగ్లిషు పీరియడ్‌లో తెలుగు ముక్క వినపడకూడదనే వాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. అర్థం ముందు వచ్చిన భాషలో పడాలి. పునాది వేయని చోట మేడ కట్టమని పిల్లల్ని కొట్టి లాభం లేదు.

ఇంట్లో గైడు ఉంటే పాఠం రెండుసార్లు చదివేదాకా దాన్ని అటక మీద పెట్టండి.

సమస్య: వాక్యం రాస్తే మాటలు తారుమారు

“ఐ మ్యాంగో ఈట్” అని రాస్తారు. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిషులో నడుమ వస్తుంది. ఈ ఒక్క తేడా పిల్లల కళ్లకు కనపడాలి. ముగ్గురిని పిలిచి మూడు అట్టముక్కలు ఇస్తాను: నేను, మామిడిపండు, తిన్నాను. అలా వరసలో నిలబడితే తెలుగు. ఇంగ్లిషు కావాలంటే ఆఖరివాడు నడిచి మధ్యకు రావాలి. ఆ నడకే పాఠం. ‘బల్ల మీద’ అన్నప్పుడు ‘మీద’ ముందుకు దూకి ‘ఆన్ ది టేబుల్’ అవుతుంది, దానికీ ఇద్దరు పిల్లలు చాలు. వారం పాటు రోజూ రెండు వాక్యాలు ఇలా నడిపిస్తే రాతలో తప్పులు సగానికి పైగా పోవడం నేను చూశాను. ‘ఎ’, ‘యాన్’, ‘ది’ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఇంత త్వరగా రాదు. మన భాషలో అలాంటివి లేవు. ఆరో తరగతిలో దాని కోసం మార్కులు కొయ్యనవసరం లేదని నా ఉద్దేశం.

ఇక్కడ మన ప్రాంతపు పిల్లలకు ఒక వరం ఉంది. ‘ఐ యేట్’ వేరు, ‘ఐ హ్యావ్ ఈటెన్’ వేరు అని వ్యాకరణం పుస్తకం పేజీలకు పేజీలు చెప్తుంది. “అన్నం తిన్నావేటి?” అని నేనడిగితే మా పిల్లలు “తినీసినాను మేడం” అంటారు. పని అయిపోయింది, ఇప్పుడిక ఆ సంగతి లేదు అని ఆ ‘ఈసి’ చెప్తోంది. ‘హ్యావ్ ఈటెన్’కి అది చాలా దగ్గర. ఎల్లిపోనాడు, రాసీసినాను, కడిగీసినాను అని బోర్డు మీద వాళ్ల మాటలే రాసి, పక్కన ఇంగ్లిషు రాస్తాను. తమ మాట బోర్డు మీద చూసుకుని మొదట సిగ్గుపడతారు, తర్వాత వాళ్లే ఉదాహరణలు తెస్తారు. యాసని వెక్కిరించే టీచరు ఈ తాళంచెవిని చేజేతులా పారేసుకున్నట్టే.

సమస్య: అన్నీ తెలుసు, నోరు మాత్రం విప్పదు

కారణం చాలాసార్లు ఎవరో నవ్వడం. ఒక్కసారి నవ్వినా ఏడాదంతా గుర్తుంటుంది. ఇంటికి చుట్టాలొస్తే “ఏదీ, మామయ్యతో ఇంగ్లిషులో మాటాడు” అని నిలబెట్టడం ఇంకో కారణం. దయచేసి అది మానేయండి. క్లాసులో ఇద్దరిద్దరుగా మాట్లాడించడం, పాఠంలో పాత్రలు పంచి చదివించడం, మాట్లాడుతున్నంతసేపు తప్పులు దిద్దకుండా ఊరుకోవడం, ఈ మూడూ పనిచేస్తాయి. తప్పులు దిద్దడానికి మర్నాడు సమయం ఉంటుంది.

‘ఇస్కూల్’, ‘సర్ట్’ లాంటి పలుకుబడి గురించి తల్లిదండ్రులు ఎక్కువ బెంగపెట్టుకుంటారు. ‘స’ని పాము బుసలా ముందు సాగదీసి తర్వాత ‘కూల్’ కలపమంటే ‘ఇ’ పోతుంది. ‘షర్ట్’లోని ‘ష’కి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, అద్దం ముందు నాలుగు రోజులు చాలు. ఇది చిన్న సంగతి.

సమస్య: నేర్చుకున్న ఉత్తరం వస్తే రాస్తాడు, కొంచెం మార్చి అడిగితే తెల్లకాగితం

గైడులో ఊటీకి విహారయాత్ర వెళ్లినట్టు ఉత్తరం ఉంటుంది. పిల్లవాడు ఊటీ చూడలేదు. చూడని ఊరి గురించి తనది కాని వాక్యాలు బట్టీపట్టాడు కాబట్టి ఒక మాట జారితే మొత్తం జారిపోతుంది.

వాడికి తెలిసినది రాయించండి. విజయనగరం పిల్లలకు పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఉంది, విజయదశమి తర్వాత మంగళవారం ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. బొబ్బిలి వైపు పనస చెక్కతో వీణలు చేయడం చూసిన పిల్లలుంటారు. కళింగపట్నం పిల్లలకు లైట్‌హౌసు, ఉద్దానం పిల్లలకు జీడితోటలు. ఎనిమిదో తరగతిలో ఒక పని ఎలా చేస్తారో వరసగా రాయమనే ప్రశ్న ఇచ్చినప్పుడు, పొందూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల వాళ్ల మామ్మ నూలు వడకడం రాసింది. “ఫస్ట్, మై గ్రాండ్‌మదర్ క్లీన్స్ ది కాటన్ విత్ ఎ ఫిష్ జా” అని మొదలుపెట్టింది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వడం తను రోజూ చూస్తున్నదే. ‘ఫస్ట్’ తర్వాత ‘దెన్’, ‘ఆఫ్టర్ దట్’, ‘ఫైనల్లీ’ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. స్పెల్లింగులు నాలుగు తప్పాయి. ఆ పేజీని నేను బీరువాలో దాచుకున్నాను.

ముందు నోటితో తెలుగులో చెప్పించండి. తర్వాత ఐదు ముఖ్యమైన మాటలు ఇంగ్లిషులో ఇవ్వండి. ఆపైన ఐదే ఐదు వాక్యాలు. పది వాక్యాలు అడగడానికి తొందరలేదు.

సమస్య: ఇంట్లో చెప్పేవాళ్లు లేరు

మా దగ్గర చాలామంది పిల్లలు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో ఉంటారు. అమ్మానాన్నలు హైదరాబాదులోనో చెన్నైలోనో పనికెళ్లి ఉంటారు. “నాకు అచ్చరం ముక్క రాదు, నానేటి సెప్తానమ్మా” అని ఒక పెద్దావిడ నాతో అంది. ఆవిడకి నేనిచ్చిన పని ఇది: రాత్రి అన్నాలయ్యాక మనవరాలిని పాఠం గట్టిగా చదవమనండి, తర్వాత “ఆ కథేటో నాకు సెప్పే” అనండి. అర్థంకాని చోట “అలగెందుకు సేసినాడు?” అని అడగండి, అంతే. మామ్మకి చెప్పాలంటే పిల్లకి అర్థమై తీరాలి. ఏ ట్యూషనూ ఇంతకంటే మంచి ప్రశ్న అడగదు. వేరే ఊళ్లో ఉన్న నాన్నయితే ఫోనులో రెండు నిమిషాలు ఇదే పని చేయొచ్చు.

సమస్య: ఇంటి భాష తెలుగు కూడా కాదు

ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో చదివే సవర పిల్లలున్నారు. వీళ్లకి ఇంగ్లిషు మూడో భాష. నెమ్మదిగా ఉన్నారంటే మందబుద్ధి కాదు, రెండు మెట్లు ఎక్కి వస్తున్నారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి బడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పే దారి వేశారు. మనం అంత చేయలేకపోయినా, కొత్త ఇంగ్లిషు మాట వచ్చినప్పుడు “మీ ఇంట్లో దీన్నేమంటారు?” అని అడగగలం. ఆ పిల్ల చెప్పిన మాట కూడా బోర్డు మీదికి ఎక్కాలి. అదే భాష మాట్లాడే పెద్ద తరగతి పిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టండి.

సమస్య: ఎంత చేసినా కదలిక లేదు

ముందు కళ్లు చూపించండి. బోర్డు కనపడక పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకునే పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. అద్దాలు పెట్టిన వారానికే మారిపోయినవాళ్లని చూశాను. చెవులూ చూపించండి, చీము కారే చెవితో ఇంగ్లిషు శబ్దాల తేడా వినపడదు.

అవి బాగున్నాయి, మాట్లాడితే చురుకు, లెక్కలు నోటితో చేసేస్తాడు, అయినా ఆరో తరగతిలో కూడా ‘బి’ని ‘డి’గా రాస్తాడు, తెలుగు చదవడంలోనూ వరసలు దాటిపోతాడు అనుకోండి. అది డిస్లెక్సియా కావచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. తెలుగులోనూ ఇబ్బంది ఉందా అన్నది ఇక్కడ గట్టి గుర్తు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. కొట్టడం, రెండొందల సార్లు రాయించడం వల్ల ఇది తగ్గదు, పిల్లవాడు బడే మానేస్తాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ఇందుకు శిక్షణ పొందిన టీచర్లుంటారు. హెడ్మాస్టరు గారిని అడిగి పంపించే ఏర్పాటు చేయించుకోండి. వెళ్లేటప్పుడు మార్కుల కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. పిల్లవాడు సొంతంగా రాసిన తెలుగు నోటుబుక్కు ఒకటి, ఇంగ్లిషు నోటుబుక్కు ఒకటి, దిద్దకుండా ఎలా ఉన్నవి అలాగే తీసుకెళ్లండి.