సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతుంటే

పొద్దున్నించి కుర్చీలోనో, ఒకేచోట నిలబడో పనిచేసేవాళ్లకి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి, సాక్స్ విప్పితే చర్మం మీద గీత అచ్చు పడి ఉంటుంది. కాళ్లలోని రక్తం గుండె దాకా ఎక్కాలంటే పిక్క కండరాలు సిరల్ని నొక్కాలి, సిరల్లోని చిన్న కవాటాలు దాన్ని మళ్లీ కిందకి జారనివ్వవు. మనం కదలకపోతే ఆ నొక్కుడు ఉండదు.

అందుకే అరగంటకోసారి కూర్చున్నచోటే మడమలు ఆనించి వేళ్లు పైకి, తర్వాత వేళ్లు ఆనించి మడమలు పైకి, ఇలా ఒక 20 సార్లు చేయండి. చేత్తో తాకితే పిక్క గట్టిపడుతున్నట్టు తెలియాలి, లేకపోతే ఊరికే పాదం ఊపినట్టే. నిలబడే పనైతే మునివేళ్ల మీద లేచి దిగితే చాలు. ఇంటికెళ్లాక వెల్లకిలా పడుకుని, పిక్కల కింద రెండు దిండ్లు పెట్టి, పాదాలు గుండె కంటే ఎత్తులో ఓ 15 నిమిషాలు ఉంచండి. మోకాళ్ల కింద మాత్రమే పెడితే పాదాలు కిందకే ఉంటాయి, లాభం లేదు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, మర్దనా అసలే వద్దు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించండి.