క్షణంలో మాయమయ్యే కేంద్రకం వ్యాసార్థం కొలవడం ఎలా?

మా ఎమ్మెస్సీ పిల్లలు ఏటా అడుగుతారు: "మేడమ్, 9 మిల్లీసెకన్లు తిరక్కుండానే సగం మాయమయ్యే లిథియం-11 కేంద్రకాన్ని పట్టుకుని కొలిచేదెట్లా?" పట్టుకోనక్కర్లేదు, పోతుండగానే కొలుస్తాం. కాంతి వేగంలో 84 శాతంతో పరిగెత్తే ఆ కేంద్రకం అంత కాస్త సమయంలోనే రెండు వేల కిలోమీటర్లు దాటగలదు. మనకి కావలసింది కొన్ని పదుల మీటర్లు.

1985లో భౌతిక శాస్త్రవేత్త ఇసావో తనిహాత బృందం అమెరికాలోని బర్క్‌లీలో, బెవలాక్ యాక్సిలరేటర్ (కణాల వేగం పెంచే యంత్రం) దగ్గర చేసిన కొలతనే తీసుకుందాం. బరువైన అయాన్ల బీమ్‌ని బెరీలియం మీద కొడితే రకరకాల ముక్కలు రాలతాయి. వాటిలోంచి మనకి కావలసిన దాన్ని అయస్కాంతాలతో వేరు చేయాలి. పల్చటి సింటిలేటర్లో (కణం దూసుకెళ్తే మెరిసే డిటెక్టర్) అది వదిలిన శక్తిని బట్టి విద్యుదావేశం, రెండు సింటిలేటర్ల మధ్య పట్టిన సమయాన్ని బట్టి వేగం తెలుస్తాయి. అయస్కాంతంలో ఎంత వంగిందో కూడా చూస్తే అది లిథియం-11 అవునో కాదో తేలిపోతుంది. ఇప్పుడు దాన్ని కార్బన్ టార్గెట్‌లోకి పంపండి. అవతల లిథియం-11గానే బయటపడినవి ఎన్నో లెక్కపెట్టండి. కేంద్రకం ఎంత పెద్దదైతే కార్బన్‌ని ఢీకొని పగిలిపోయేవి అంత ఎక్కువ.

అసలు పనితనమంతా ఈ లెక్కపెట్టడంలోనే ఉంది. టార్గెట్‌కి ముందు అనుమానం వచ్చిన ప్రతి కణాన్నీ నిర్మొహమాటంగా పారేయొచ్చు, ఫలితం చెడదు. టార్గెట్ దాటాక మాత్రం బతికి వచ్చిన ఒక్కదాన్ని కూడా జారవిడవకూడదు. పీహెచ్‌డీ మొదటి ఏడాది లిథియం-9 డేటాలో నేను దీన్ని తలకిందులు చేశాను. టార్గెట్‌లో శక్తి పోగొట్టుకున్న కణాలు గ్రాఫ్‌లో వేసే శిఖరం వెడల్పవుతుంది. నేను దాని అంచుల్ని కత్తిరించేశాను. వందకి మూడు అలా పోయినా చాలు, 2.42 ఫెమ్టోమీటర్లు (కేంద్రకాల్ని కొలిచే అతి చిన్న ప్రమాణం) రావలసిన వ్యాసార్థం 2.79 అయి కూర్చుంటుంది. లేని ఉబ్బుని మనమే పుట్టించినట్టు! అందుకే టార్గెట్ తీసేసి మరో రన్ తప్పనిసరి. డిటెక్టర్లలో తగిలి పోయేవి ఎన్నో అక్కడే తెలుస్తుంది.

ఇక పెన్సిల్ తీయండి. టార్గెట్ లేనప్పుడు బతికిన భాగాన్ని టార్గెట్ ఉన్నప్పుడు బతికిన భాగంతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, చదరపు సెంటీమీటరుకి ఉన్న కార్బన్ కేంద్రకాల సంఖ్యతో భాగిస్తే క్రాస్ సెక్షన్, అంటే ఢీకొనే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత, వస్తుంది. చదరపు సెంటీమీటరుకి 5 గ్రాముల కార్బన్ పెట్టారనుకోండి. వెయ్యి లిథియం-9లు పంపితే దాదాపు 819 బయటికొస్తాయి. వెయ్యి లిథియం-11లయితే 770. సంఖ్యాపరమైన ఊగిసలాట 13 అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆ 49 తేడా నిజమైనదే.

తనిహాత బృందానికి వచ్చినవి లిథియం-9కి 796, లిథియం-11కి 1040 మిల్లీబార్న్‌లు. క్రాస్ సెక్షన్ అంటే రెండు వ్యాసార్థాల మొత్తాన్ని వర్గం చేసి π (పై)తో గుణించినది అనుకోండి. 10 మిల్లీబార్న్‌లు ఒక చదరపు ఫెమ్టోమీటరు. కార్బన్ వ్యాసార్థం 2.61 తీసేస్తే లిథియం-9కి 2.42, లిథియం-11కి 3.14 మిగులుతాయి. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) ఘనమూలం లెక్కన 9 నుంచి 11కి వెళ్తే 2.59 దగ్గర ఆగాలి, కానీ 3.14 దాకా పోయింది. లిథియం-11లో లిథియం-9 కంటే అదనంగా ఉన్న రెండు న్యూట్రాన్లనీ విడదీయడానికి 0.37 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. మామూలు కేంద్రకంలో ఒక్క న్యూట్రాన్‌ని లాగాలన్నా ఏడెనిమిది మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు పెట్టాలి. అంత వదులుగా ఉన్నాయి కాబట్టే అవి లిథియం-9 చుట్టూ పల్చగా, దూరంగా పరుచుకుంటాయి. దీన్నే హేలో అంటున్నాం. ఆ 3.14ని మొదటిసారి నా చేత్తో వేసుకున్న రోజు కాగితం దాచుకున్నాను.

ఇంత పెద్ద మాట అనేముందు టార్గెట్ మార్చండి. వాళ్లు బెరీలియం, అల్యూమినియం కూడా పెట్టి చూశారు. ప్రతిసారీ టార్గెట్ వంతు తీసేస్తే లిథియం వ్యాసార్థం పొరపాటు హద్దుల్లో అదే రావాలి. రాకపోతే మళ్లీ ఆ శిఖరం అంచుల దగ్గరికే వెళ్లండి.