ఫుట్‌బాల్ కుర్రాళ్ల బెంచ్ ప్రెస్ బలం కొలవడం ఎలా

బెంచ్ ప్రెస్ అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువుల కడ్డీని (బార్‌ని) ఛాతీ మీంచి పైకి తోయడం. యూట్యూబ్‌లో ఫుట్‌బాల్ ప్లేయర్ల బెంచ్ ప్రెస్ పట్టికలు వెతికితే దొరికేవి చాలావరకు మన ఆటవి కావు. హెల్మెట్ పెట్టుకుని ఢీకొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌వి. అక్కడ ప్రొఫెషనల్ ఎంపికల్లో 225 పౌండ్ల బార్‌ని, అంటే దాదాపు 102 కిలోల్ని, ఎన్నిసార్లు ఎత్తాడో లెక్కపెడతారు. సాయంత్రం విశాఖ ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రౌండ్‌లో బంతి ఆడే 55 కిలోల కుర్రాడికి ఆ అంకెతో ఏం పని? మన ఫుట్‌బాల్‌కి ముందు కావాల్సినవి తొడలు, పిరుదులు, నడుము. ఒంటితో అడ్డుపడి బంతి కాపాడుకోవడానికి, గోల్‌కీపర్ బంతిని గుద్దడానికి, కిందపడి చటుక్కున లేవడానికి పైఒంటి బలం పనికొస్తుంది. అందుకే బెంచ్ ప్రెస్ కొలవండి, కానీ దాన్ని చూసి జట్టు ఎంచకండి.

ముందు బార్‌ని తూచండి. అందరూ వదిలేసే పని ఇదే. ఏడడుగుల ఒలింపిక్ బార్ 20 కిలోలు. మన వీధి జిమ్ముల్లో ఉండే సన్న కడ్డీలు ఒక్కోటి ఒక్కో బరువు, కొన్ని 10 కిలోలు కూడా ఉండవు. ప్లేట్ల మీద పోత పోసిన అంకెనూ నమ్మొద్దు. కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద ఒక్కోటీ పెట్టి, అసలు బరువు పెయింట్‌తో రాసేయండి. బార్ కాటా మీద నిలవకపోతే దాన్ని పట్టుకుని బాత్రూం కాటా ఎక్కి, మీ బరువు తీసేయండి. విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి బెడద. బీచ్‌కి దగ్గరున్న జిమ్ముల్లో బార్ చివర్లు తుప్పుపట్టి తిరగవు, క్లిప్పులు బిగుసుకుపోతాయి. చివర తిరగకపోతే ప్లేట్ల బరువు మణికట్టుని మెలిపెడుతుంది. వైర్ బ్రష్‌తో రుద్ది రెండు చుక్కల మెషిన్ ఆయిల్ వేస్తే చాలు. చేత్తో పట్టుకునే చోట మాత్రం నూనె అంటకూడదు.

బెంచ్ ఎత్తు 42 నుంచి 45 సెంటీమీటర్లు. పొట్టి పిల్లాడి పాదాలు నేలకి ఆనకపోతే కాళ్ల కింద చెక్కపలకలు వేయండి. పాదాలు గాల్లో ఉంటే బార్ ఊగుతుంది, అంకె కూడా తగ్గుతుంది.

ఇక ఎవరిని కొలవాలి? కనీసం ఆరు వారాలు ఖాళీ బార్‌తోనో తేలిక బరువుతోనో పద్ధతి నేర్చుకున్నవాడినే. శరీర బరువులో సగాన్ని ఐదుసార్లు శుభ్రంగా ఎత్తలేనివాడికి టెస్టు కాదు, నేర్పడం కావాలి. ఇంకా బార్‌కి అలవాటుపడని 12, 13 ఏళ్లవాళ్లకి పుషప్స్ చాలు. మూడు సెకన్లకి ఒకటి చొప్పున, మోచేయి 90 డిగ్రీలు వంగేలా, తాళం తప్పేదాకా లెక్కపెట్టండి. భుజం నొప్పి, జ్వరం ఉంటేనో, ముందురోజు మ్యాచ్ ఆడి ఉంటేనో ఆ రోజు వద్దు. గుండె సమస్య ఉన్న పిల్లాణ్ణి డాక్టర్ అనుమతి లేకుండా బెంచ్ ఎక్కించొద్దు.

ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువు జోలికి పోకండి. దగ్గరుండి చూసే అనుభవజ్ఞుడుంటే అదీ ప్రమాదం కాదుగానీ, స్కూల్ జట్టుకి దాని అవసరం లేదు. ఐదారుసార్లు ఎత్తగలిగే బరువు పట్టుకుని లెక్కకట్టండి. ఖాళీ బార్‌తో 10, అనుకున్న బరువులో సగంతో 5, ముప్పాతికతో 3 వేయించాక మూడు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి అసలు ప్రయత్నం మొదలుపెట్టండి. ఆరు దాటి సునాయాసంగా వస్తుంటే ఆపి, మూడు నిమిషాలాగి 2.5 లేదా 5 కిలోలు పెంచండి. మూడో ప్రయత్నంలోపు తేలిపోవాలి. తర్వాత అలసటనే కొలుస్తారు.

రెప్ అంటే బార్‌ని ఒకసారి దించి ఎత్తడం. ఏది రెప్‌గా లెక్కకొస్తుందో ముందే ఒప్పందం ఉండాలి. తల, భుజాల రెక్కలు, పిరుదులు బెంచ్‌కి, రెండు పాదాలు నేలకి ఆని ఉండాలి. బొటనవేలు బార్ చుట్టూ తిరగాలి. నాలుగు వేళ్లతోనే పట్టే ఫ్యాషన్‌ని అసలు రానివ్వకండి, జారితే బార్ నేరుగా గొంతు మీదకొస్తుంది. కింద ఉన్నప్పుడు ముంజేయి నిటారుగా ఉంటే పట్టు వెడల్పు సరిపోయినట్టే. బార్ చనుమొనలకి కాస్త కిందుగా ఛాతీని తాకి, ఒక్క క్షణం ఆగి, మోచేతులు పూర్తిగా చాచేదాకా పైకెళ్లాలి. ఛాతీ మీద బంతిలా ఎగరేస్తే ఆ రెప్ లెక్కలోకి రాదు.

స్పాటర్, అంటే బార్ జారితే పట్టుకునే సహాయకుడు, ఎత్తేవాడి తల వెనక నిలబడాలి. ఐదో రెప్ దగ్గర గమనించండి. బార్ ఛాతీకి నాలుగు వేళ్ల ఎత్తులో నిలిచిపోతుంది, పిరుదులు బెంచ్ నుంచి లేస్తాయి, కుడి మోచేయి ముందు చాచుకుని ఎడమది వెనకబడుతుంది, ముఖం ఎర్రబడుతుంది. "పట్టుకోనా?" అని అడుగుతూ కూర్చోకండి. బార్ కిందికి జారడం మొదలైతే పట్టేయడమే. స్పాటర్ వేలు తగిలిన రెప్ లెక్కలో ఉండదు. "నేను ముట్టుకోలేదు, ఊరికే పెట్టా" అనే వాదన ప్రతి జిమ్ములోనూ వినిపిస్తుంది, వినొద్దు. ఊపిరి మొత్తం బిగబట్టేవాడికి కళ్లు తిరుగుతాయి, పైకి తోసేటప్పుడు వదలమని చెప్పండి.

ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువుని అంచనా కట్టే లెక్క ఇలా. ఎత్తిన బరువుని రెప్స్‌తో గుణించి 30తో భాగించండి, వచ్చినదాన్ని ఆ బరువుకే కలపండి. 40 కిలోలు ఆరుసార్లు ఎత్తితే 8 వస్తుంది, కలిపితే 48 కిలోలు. దీన్ని ఎప్లీ సూత్రం అంటారు. బ్రిజికీ సూత్రంలో బరువుని 36తో గుణించి, 37లోంచి రెప్స్ తీసేయగా మిగిలినదానితో భాగిస్తారు, అదే కుర్రాడికి 46.5 వస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని మార్చకుండా వాడండి. పది రెప్స్ దాటితే రెండూ అంచనా తప్పుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. 50 కిలోల కుర్రాడికి 42, 70 కిలోలవాడికి 54 వచ్చాయనుకోండి. శరీర బరువుతో భాగిస్తే మొదటివాడు 0.84, రెండోవాడు 0.77. చిన్నవాడే గట్టివాడని రాసేస్తారు. కానీ కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, ఒంటి బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే మామూలు భాగహారం బరువైనవాడికి అన్యాయం చేస్తుంది. శరీర బరువు మీద 0.67 ఘాతం వేసి దానితో భాగిస్తే వరుస తిరగబడుతుంది, చిన్నవాడికి 3.05, పెద్దవాడికి 3.13. ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే ఘాతం బటన్ కనిపిస్తుంది.

దీనికి ఎదుగుదల తోడవుతుంది. మగపిల్లలు సుమారు 14 ఏళ్లప్పుడు, ఆడపిల్లలు 12 ఏళ్లప్పుడు గబగబా పొడుగవుతారు. ఒకే తరగతిలో మీసమొచ్చినవాడూ, గొంతు ఇంకా మారనివాడూ పక్కపక్కనే ఉంటారు. వాళ్లిద్దర్నీ ఒకే వరుసలో పెడితే మీరు కొలిచేది శిక్షణని కాదు, పుట్టినరోజునీ హార్మోన్లనీ. చేతులు హఠాత్తుగా సాగిన కుర్రాడికి బార్ ప్రయాణించే దూరం పెరిగి, బలం తగ్గకపోయినా అంకె తగ్గొచ్చు. నెలనెలా ఎత్తు, బరువు రాసి ఉంచుకుంటే ఇది తెలిసిపోతుంది.

మళ్లీ కొలవడం ఎనిమిది నుంచి పన్నెండు వారాలకి. అదే బార్, అదే బెంచ్, అదే వేళ. మే నెల మధ్యాహ్నం చెమటకి బార్ చేతిలో జారుతుంది కాబట్టి ఉదయం ఏడింటిలోపు పెట్టుకోండి, తువ్వాలు, చాక్ పొడి దగ్గరుంచండి. మొదటి రెండు నెలల్లో అంకె గబగబా పెరిగితే అది చాలావరకు ఒడుపు రావడమే, కండ పెరగడం కాదు. నోట్‌బుక్‌లో పేరు, తేదీ, ఎత్తు, శరీర బరువు, ఎత్తిన బరువు, రెప్స్, స్పాటర్ ఎవరు అన్నవి రాయండి. పాత అంకెకీ కొత్త అంకెకీ తేడా 2.5 కిలోలే అయితే పెరిగిందనీ తగ్గిందనీ రాయకండి. ముందురోజు నిద్ర చాలకపోయినా అంత తేడా వస్తుంది.