తక్కువ ధర సర్ఫ్‌తో బట్టలు బాగా ఉతకడం ఎలా?

మన ఇళ్లలో బట్టల పౌడర్ ఏ కంపెనీదైనా దాని పేరు సర్ఫే. "ఒక నిర్మా సర్ఫ్ ఇవ్వండి" అన్నా కిరాణా కొట్టాయన నవ్వకుండా తీసి ఇస్తాడు. అసలు సర్ఫ్ మన దేశానికి 1959లో వచ్చింది. పదేళ్ల తర్వాత, 1969లో, అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గరే పౌడర్ కలిపి సైకిల్ మీద తిరిగి చాలా తక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టారు, అదే నిర్మా. దాని దెబ్బకి 1980లలో సర్ఫ్ వాళ్లు టీవీ ప్రకటనల్లో లలితాజీ అనే లెక్క తెలిసిన ఇల్లాలి పాత్రని దింపి, మా అరకిలో మామూలు పౌడర్ కిలోతో సమానం అని చెప్పించారు. అమ్ముకునేవాళ్ల మాటే అనుకోండి, కానీ లెక్క చూసే పద్ధతి మాత్రం అదే. కిలో ఎంత అని కాదు, బకెట్టుకి ఎంత పడుతోంది అని చూడాలి.

ఉదాహరణకి కిలో 70 రూపాయల పౌడర్ బకెట్టుకి 40 గ్రాములు పడితే ఖర్చు 2 రూపాయల 80 పైసలు. కిలో 140 రూపాయలది 20 గ్రాములు సరిపోతే అదీ 2 రూపాయల 80 పైసలే. పైగా మొదటి దానికి ఇంకో బకెట్టు నీళ్లు పోసి జాడించాల్సి వస్తే, ట్యాంకర్ కొనుక్కునే ఇళ్లలో చవకది ఎక్కువ రేటు పడినట్టే. చవకవన్నీ చెత్త అని నేను అనట్లేదు, మా ఇంట్లో ఇప్పటికీ రోజువారీ బట్టలకి చవకదే వాడతాం. ఎంత వేయాలి, దేనికి వేయకూడదు అనేది తెలిస్తే చాలు.

1. ముందు మీ నీళ్ల సంగతి చూడండి

నిజాంపేటలో అద్దెకున్నప్పుడు మాకు బోరు నీళ్లే. కుళాయిల మీద తెల్లగా గార కట్టేది, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉండేది. ఊళ్లో, కోనసీమలో, మా అమ్మ రెండు చెంచాలు వేసి బకెట్టెడు బట్టలు ఉతికే పౌడర్‌నే ఇక్కడ నేను గుప్పెళ్లతో వేసినా నురగ లేదు. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అది చూసి "అంతేసి పోస్తావేంట్రా, బట్టలు ఉతుకుతున్నావా పిండి కలుపుతున్నావా" అంది. కానీ మూడో రోజు తనే నాలుగు చెంచాలు వేసింది, నేను చూశాను, ఏమీ అనలేదు.

కారణం చెప్పాలంటే, బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పౌడర్‌లో కొంత వాటితో తేల్చుకోవడానికే సరిపోతుంది, మిగిలిందే మురికి మీద పని చేస్తుంది. మీ నీళ్లు ఎలాంటివో తెలియకపోతే ఒక సీసాలో సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు ముక్క చిన్నది వేసి బాగా గిలకొట్టండి. మంచి నురగ వచ్చి కింద నీళ్లు దాదాపు తేటగా ఉంటే మెత్తని నీళ్లు. నురగ రాకుండా విరిగిన పాలలాగా తెల్ల తరకలు తేలితే కఠిన జలం, అంటే గట్టి నీళ్లు. ఆ తరకలే బట్టల్లో చేరి తెల్ల చొక్కాల్ని బూడిద రంగులోకి తెస్తాయి. అందుకే గట్టి నీళ్లున్న ఇళ్లలో ఉతుకు సబ్బు బిళ్ల కన్నా పౌడర్ నయం.

2. ప్యాకెట్ తిప్పి చదవండి

ముందు వైపు నిమ్మకాయలూ మల్లెపూలూ తప్ప ఏమీ ఉండదు. వెనక మూడు చూడండి. ఒకటి, గ్రాముకి లేదా కిలోకి ఎంత అనే యూనిట్ ధర, ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద వేస్తున్నారు. పెద్ద ప్యాకెట్ అయితే చవక అని గుడ్డిగా నమ్మకండి, చాలాసార్లు పది రూపాయల ప్యాకెట్లు పది కొన్నదే లాభం. అయితే ఆ పది రూపాయలు అలాగే ఉండి లోపల గ్రాములు తగ్గుతూ ఉంటాయి, కాబట్టి పోయిన నెల లెక్క ఈ నెల పనికిరాదు. రెండు, అది చేత్తో ఉతికేదా మెషిన్‌దా అని. మూడు, ఎంజైములు ఉన్నాయా అని. పప్పు, చెమట, పాలు, రక్తం లాంటి మరకల్ని విరగ్గొట్టేవి అవే. బాగా చవక పౌడర్లలో సాధారణంగా ఉండవు. పిల్లల యూనిఫామ్‌లు ఉన్న ఇల్లయితే ఆ కాస్త ఎక్కువ డబ్బు పెట్టొచ్చు.

ఆటోలో మైకు పెట్టుకుని కిలోల లెక్కన అమ్మే లూజు పౌడర్ ఉంటుంది చూశారా, కవరు మీద పేరూ ఊరూ ఏమీ ఉండదు, అది మాత్రం వద్దు. లోపల సోడా ఎంత ఉందో ఉప్పు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఒకసారి నేను బకెట్టు ఫ్రీ అని కొన్నాను. వారం తిరిగేసరికి మా ఆవిడ వేళ్ల సందులు పగిలాయి. బకెట్టు ఇప్పటికీ ఉంది.

3. కిలో కొనేముందు గ్లాసులో పరీక్ష

చిన్న ప్యాకెట్ తెచ్చి, గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి ఒక చెంచా పౌడర్ వేసి కలపండి. పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగున ఇసకలాగా మందంగా పేరుకుంటే, మీరు డబ్బిచ్చి కొంటున్న దాంట్లో కొంత మురికి వదిలించేది కాదు, తూకానికి వేసింది. కొద్దిగా మడ్డి ఉంటే ఫర్వాలేదు. తర్వాత అదే నీళ్లలో ఒక నల్ల గుడ్డముక్క ముంచి, ఒక్కసారి జాడించి ఆరేయండి. తెల్ల చారలు కనిపిస్తే నల్ల ప్యాంట్లకీ జీన్సుకీ ఆ పౌడర్ వద్దు. ఈ పరీక్ష మీ ఇంటి నీళ్లతోనే చేయాలి, ఆఫీసు నుంచి తెచ్చిన మినరల్ వాటర్‌తో కాదు.

4. కొలత పెట్టుకోండి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అందరం గుప్పెడు లెక్కనే వేస్తాం, ఇంట్లో నలుగురుంటే నాలుగు రకాల గుప్పెళ్లు. ఒక చిన్న ప్యాకెట్ మీద బరువు ఎంతుందో చూసుకుని, ఏదైనా పాత సీసా మూతతో మొత్తం కొలవండి. 90 గ్రాముల ప్యాకెట్ ఆరు మూతలైతే మూతకి 15 గ్రాములు, అంతే, ఇక ఆ మూత డబ్బాలోనే ఉండాలి. ఐదారు బట్టలున్న సగం బకెట్టుకి 20 గ్రాముల దగ్గర మొదలుపెట్టండి, బోరు నీళ్లయితే 30 దాకా వెళ్లండి. వచ్చే వారం కాస్త తగ్గించి చూడండి. కాలర్లు శుభ్రంగానే ఉన్నాయంటే ఇంకా తగ్గించొచ్చు. నురగ కొండలాగా వస్తే తృప్తిగా ఉంటుంది నిజమే, కానీ నురగకీ మురికి పోవడానికీ సంబంధం తక్కువ, జాడించడానికి నీళ్లు మాత్రం రెట్టింపు.

గట్టి నీళ్లకి చవకైన మందు ఒకటుంది, బట్టల సోడా. కొన్ని చోట్ల చాకలి సోడా అంటారు. బకెట్టుకి ముప్పావు చెంచా ముందు నీళ్లలో కరిగించి, ఆ తర్వాత పౌడర్ వేస్తే ఎప్పుడూ వేసే దానికంటే తక్కువ సరిపోతుంది. వంటసోడా వేరు, దానితో ఈ పని సరిగ్గా కాదు. కాస్టిక్ సోడా అసలే వేరు, అది చర్మం కాలుస్తుంది, పేరు సరిగ్గా చెప్పి తెచ్చుకోండి. బట్టల సోడా కూడా చేతుల్ని పొడిబారేలా చేస్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోవడం మంచిది.

5. నానబెట్టడం, ఉతకడం

బట్టల మీద పౌడర్ చల్లి నీళ్లు పోయకండి, రంగు బట్టల మీద మచ్చలు పడతాయి. ముందు నీళ్లు, అందులో పౌడర్ పూర్తిగా కరిగాక బట్టలు. అరగంట చాలు. రాత్రంతా నానితే ఇంకా బాగా పోతుందని చాలామంది నమ్మకం గానీ, వదిలిన మురికి మళ్లీ బట్టకే పడుతుంది, ఎండాకాలం అయితే వాసన కూడా. కొత్త కాటన్ చీర, కొత్త నైటీ, ముదురు ఎరుపు, ఇండిగో లాంటివి మొదటి మూడు నాలుగు సార్లు విడిగా ఉతకండి.

కాలరు, చేతుల అంచులు మాత్రం పౌడర్‌కి వదిలేయకుండా ఉతుకు సబ్బు బిళ్ల రుద్ది పది నిమిషాలు ఉంచి మెత్తని బ్రష్ కొట్టండి. నూనె మరకకి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. రక్తానికి చన్నీళ్లే, వేడినీళ్లు పోస్తే పట్టుకుపోతుంది.

ఇక మన ఇళ్లలో అసలు మరక సాంబారు. తెల్ల చొక్కా మీద పసుపు మరకకి సర్ఫ్ తగలగానే ఎర్రగా మారిపోతుంది, చూసినవాళ్లకి టెన్షన్. మా పెద్దవాడి స్కూలు చొక్కా మీద మొదటిసారి అలా అయితే పౌడరే రంగు పూసిందనుకుని ప్యాకెట్ పట్టుకుని కొట్టుకి వెళ్లబోయాను. పసుపుకి సర్ఫ్‌లో ఉండే క్షారం తగిలితే ఎర్రబడటం సహజం, బాగా జాడించగానే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. అక్కడితో ఆపి తడిగా ఉండగానే మరక పైకి వచ్చేలా ఎండలో ఆరేయండి. ఎండకి పసుపు వెలిసిపోతుంది. ఒక మధ్యాహ్నంలో సగం, రెండు మూడు ఉతుకులకి మొత్తం.

6. వేటికి వాడకూడదు

పట్టు, ఉన్నికి చవక పౌడర్ గానీ బట్టల సోడా గానీ తగలనివ్వకండి, ఎంజైములున్న ఖరీదైన పౌడర్ కూడా వాటికి చేటే, ఎందుకంటే పట్టూ ఉన్నీ కూడా ప్రొటీన్లే. ఉతకదగ్గ పట్టు అయితే కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి, ఆ రసం వడకట్టి చన్నీళ్లలో కలిపి ఒకసారి ముంచి తీస్తే చాలు, పిండకూడదు. సహజ రంగుల కలంకారీకి కూడా ఇదే పద్ధతి, ఆరేయడం నీడలో.

7. మెషిన్ ఉంటే

బకెట్టు పౌడర్‌ని ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో వేయకండి. దానిలో నీళ్లు తక్కువ, నురగ ఎక్కువైతే బట్టలు ఒకదానికొకటి రాసుకోవు, మురికి అలాగే ఉంటుంది. నేను వేశాను. తలుపు అద్దం నిండా నురగ, ఆగిపోయిన మెషిన్, వచ్చిన మెకానిక్ పౌడర్ వేసే సొరుగు లాగి, అడుగున సున్నంలాగా గట్టిపడిన పొరని స్క్రూడ్రైవర్‌తో గీకి నా చేతిలో పెట్టాడు. విజిటింగ్ చార్జీ డబ్బులకి ఆరు నెలల మెషిన్ పౌడర్ వచ్చేది. టాప్ లోడ్‌లో, సెమీ ఆటోమేటిక్‌లో చవకది నడుస్తుంది, కాకపోతే మగ్గులో కరిగించి పోయండి, చివర్లో ఒక రిన్స్ ఎక్కువ పెట్టండి. చిన్నపిల్లల బట్టలకి ఎలా ఉతికినా సరే ఆ అదనపు రిన్స్ ఉండాల్సిందే.

8. దాచడం

వర్షాకాలంలో తెరిచిన ప్యాకెట్ రాయిలా గడ్డకడుతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, తడి చేతులు పెట్టకుండా ఆ కొలత మూతతోనే తీయండి. తినే వస్తువుల సీసాల్లో మాత్రం పోయొద్దు. మా ఇంట్లో ఒకప్పుడు హార్లిక్స్ సీసాలోనే ఉండేది, ఒకరోజు మా మావయ్య టీలో చక్కెర తక్కువైందని దాన్ని అందుకున్నాక గానీ మాకు బుద్ధి రాలేదు. ఇప్పుడు కడిగి ఎండబెట్టిన పెయింట్ డబ్బాలో, పిల్లలకి అందనంత ఎత్తులో ఉంటోంది.