చిగుళ్లు జారిపోతున్నాయా? ఏ పంటి దగ్గర జారిందో చూస్తే కారణం దొరుకుతుంది

ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లు ఒక గుక్క నోట్లో పోసుకోగానే ఏదో ఒక పన్ను జివ్వుమంటుంది. అద్దంలో చూసుకుంటే ఆ పన్ను పక్కదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. "పండ్లు పొడుగైనాయి" అని డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. పన్ను పెరగలేదు. చిగురు తగ్గి, ఇన్నాళ్లూ లోపల దాగిన వేరు బయటపడింది.

ఒక మాట ముందే చెప్పాలి. జారిన చిగురు ఏ పేస్టుతోనూ, నూనె పుక్కిలించినా, ఉప్పూ పసుపూ రుద్దినా మళ్లీ పైకి రాదు. వాపు తగ్గవచ్చు, రక్తం ఆగవచ్చు. పోయిన మేర మాత్రం పోయినట్టే. ఆ వేరును మళ్లీ చిగురుతో కప్పాలంటే సర్జరీ కావాలి. అయితే చాలామందికి అది అవసరం పడదు. ఎందుకు జారిందో పట్టుకుని అక్కడితో ఆపగలిగితే ఆ పన్ను జీవితాంతం ఉంటుంది. కారణాన్ని వదిలేసి సర్జరీ చేయించుకుంటే, కప్పిన చిగురు కూడా మళ్లీ జారుతుంది.

ముందు అద్దం ముందు నిలబడండి

పగటి వెలుతురులో పెదవిని పక్కకు లాగి చూడండి. పంటి తెలుపు ఆగిపోయి కాస్త పసుపు రంగు మొదలయ్యే గీత కనబడుతుంది. ఆ గీతకు చిగురు వైపు ఉన్నది వేరు. గీత నుంచి చిగురు అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో అంతే మీ చిగురు జారినట్టు. గోటి కొసతో ఆ గీత మీద నెమ్మదిగా గీసి చూడండి. గోరు ఒక గాడిలో పడి ఆగితే అక్కడ పన్ను కూడా అరిగింది. ఇప్పుడు ఏ పళ్ల దగ్గర జారిందో, రక్తం వస్తోందో లేదో రాసిపెట్టుకోండి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

సమస్య: కోరపన్ను, దాని వెనకాల రెండు పళ్ల దగ్గరే జారింది. చిగురు గులాబీ రంగులో గట్టిగా ఉంది, రక్తం రాదు, గోటికి గాడి తగులుతోంది

కారణం బ్రషే. కుడిచేత్తో తోముకునేవాళ్లకు ఎడమవైపు ఎక్కువ దెబ్బ తగులుతుంది, ఎందుకంటే చెయ్యి అటువైపు బాగా బలంగా ఆడుతుంది. గట్టి కుచ్చులున్న బ్రషుతో రంపం కోసినట్టు అడ్డంగా రుద్దితే చిగురు తగ్గుతుంది, వేరు అరుగుతుంది. కొన్న నెలకే మీ బ్రషు కుచ్చులు చీపురులా విచ్చుకుపోతే మీరు ఎక్కువ ఒత్తుతున్నారని అర్థం.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మూలం ఉంది. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద సున్నపు చారలు, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. అవి మురికి అనుకుని బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పెట్టి ఏళ్ల తరబడి తోముతారు. ఆ మచ్చ పంటి పైపొరలోనే ఉంటుంది, పైన అంటుకున్నది కాదు. ఎంత రుద్దినా మచ్చ పోదు, చిగురు పోతుంది. మచ్చలే బాధైతే వాటికి వేరే వైద్యం ఉంది: పైపొరను సన్నగా పాలిష్ చేయడం, లేదా పంటి రంగు కాంపోజిట్ పూత. రుద్దడం మాత్రం ఈ రోజే ఆపేయాలి.

పరిష్కారం ఇలా. "సాఫ్ట్" లేదా "అల్ట్రా సాఫ్ట్" అని రాసున్న చిన్న తల బ్రషు కొనండి. దాన్ని పిడికిలితో కాకుండా పెన్సిల్ పట్టినట్టు వేళ్లతో పట్టుకోండి, ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. కుచ్చులను చిగురు, పన్ను కలిసే చోట 45 డిగ్రీలు వాల్చి ఆనించండి. ఉన్నచోటే చిన్నగా అల్లాడించి, చిగురు వైపు నుంచి పంటి కొస వైపు దువ్వినట్టు తీయండి. పేస్టు బఠాణీ గింజంత చాలు. మొత్తం రెండు నిమిషాలు, ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. చీనీకాయ రసమో నిమ్మసోడానో తాగిన వెంటనే తోమకండి; పులుపుకు మెత్తబడిన వేరు బ్రషుకు తేలిగ్గా అరుగుతుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగండి. వేపపుల్ల వాడేవాళ్లు కొసను బాగా నమిలి, మెత్తని కుచ్చు అయ్యాకే, నిలువుగా మాత్రమే తోముకోవాలి.

సమస్య: జివ్వుమనడం

వేరు మీద ఉన్న సన్నటి రంధ్రాల గుండా చల్లదనం, పులుపు లోపలి నరాన్ని తాకడమే దీనికి కారణం. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రెండు పూటలా వాడండి. రాత్రి తోముకున్నాక అదే పేస్టును వేలికొనతో ఆ వేరు మీద అద్ది, నీళ్లతో కడగకుండా ఉమ్మేసి పడుకోండి. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి "పనిచేయలేదు" అని మానేస్తేనే అది పనిచేయదు. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. గాడి లోతుగా ఉంటే గ్లాస్ అయానమర్ సిమెంటుతో గానీ కాంపోజిట్‌తో గానీ నింపుతారు.

పేస్టుల్లో సాధారణంగా ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. "మా నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ, మళ్లీ పేస్టులో కూడానా?" అని అడిగేవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్నే. పళ్ల మీద ఫ్లోరైడ్ వల్ల వచ్చే మచ్చలు (ఫ్లోరోసిస్) పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపే ఏర్పడతాయి. పెద్దవాళ్లు పేస్టు మింగకుండా ఉమ్మేస్తే కొత్త మచ్చలు రావు. చిన్నపిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త: మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, ఆ పైన బఠాణీ గింజంత, పెద్దవాళ్లు పక్కనుండి ఉమ్మించాలి.

చల్లనిది తాగాక నొప్పి నిమిషాల తరబడి ఉంటే, వేడికి కూడా పోటు పెడితే, రాత్రి నిద్ర లేపితే అది పేస్టుతో పోయే జివ్వు కాదు. నరం దెబ్బతింది. ఎక్స్‌రే తీయించుకోండి.

సమస్య: అన్ని పళ్ల దగ్గరా జారింది. తోముకుంటే రక్తం, నోరు వాసన, పళ్ల మధ్య నల్లటి సందులు

ఇది బ్రషు తప్పు కాదు, చిగుళ్ల జబ్బు. పాచి రోజూ పోకపోతే గట్టిపడి గార అవుతుంది. గార చిగురు లోపలికి దిగి అక్కడ ఎముకను కరిగిస్తుంది. ఎముక దిగితే దానితోపాటు చిగురూ దిగుతుంది. డాక్టర్ మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నటి పుల్లతో పంటికీ చిగురుకూ మధ్య సందు లోతును పంటి చుట్టూ ఆరుచోట్ల కొలుస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లయితే మామూలు. 4, ఆ పైన ఉండి రక్తం వస్తే జబ్బు ఉన్నట్టే. ఈ కొలత తీయకుండా "క్లీనింగ్ చేసేద్దాం" అంటే, కొలవమని మీరే అడగండి.

వైద్యం స్కేలింగ్‌తో, అంటే గార తీసే క్లీనింగ్‌తో మొదలవుతుంది. లోతున్నచోట మత్తుసూది ఇచ్చి చిగురు కింద వేరును కూడా గీకి శుభ్రం చేస్తారు. తీవ్రతను బట్టి రెండు నుంచి నాలుగు సార్లు వెళ్లాలి. ఆరు వారాలు దాటాక, మూడు నెలల లోపు మళ్లీ కొలుస్తారు. 5 మిల్లీమీటర్లకు పైగా మిగిలినచోట చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ అవసరం కావచ్చు.

"క్లీనింగ్ చేయిస్తే పండ్లు వదులైతాయి" అన్న భయంతోనే చాలామంది రారు. జరిగేది ఇది: వాచిన చిగురు పంటి మీదికి ఎక్కి ఉంటుంది, గార పళ్లన్నిటినీ సిమెంటులా ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. గార తీసేశాక వాపు తగ్గి చిగురు ఇంకా దిగినట్టు, సందులు పెరిగినట్టు, పళ్లు కదిలినట్టు అనిపిస్తుంది. ఎముక ముందే పోయింది; గార దాన్ని కప్పిపెట్టింది, అంతే. కొన్ని వారాల్లో చిగురు బిగుసుకుంటుంది, కొద్దిగా కదిలే పళ్లు గట్టిపడతాయి. ఆ కొత్త సందుల్లోకి దారం కంటే ఇంటర్‌డెంటల్ బ్రషు బాగా పనిచేస్తుంది. సందులో కాస్త బిగువుగా దూరే సైజు ఎంచుకోవాలి, బలవంతంగా తోయకూడదు. తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

షుగరు ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు వెంట తీసుకెళ్లండి. షుగరు అదుపులో లేకపోతే చిగురు మానదు, చిగుళ్ల జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడమూ కష్టమే.

సమస్య: ఒకే చోట, ఖైనీ పెట్టుకునే దగ్గర

కారణం చెప్పక్కర్లేదు. అక్కడ తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ ఉందా, రెండు వారాలుగా మానని పుండు ఉందా, నోరు మీ మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటోందా అని చూసుకోండి. ఏది తేడాగా ఉన్నా చిగురు సంగతి తర్వాత, ముందు క్యాన్సర్ పరీక్ష. పొగాకు మానడానికి 1800-11-2356 కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు చిగురు అతికించే సర్జరీ సరిగా ఫలించదు.

సమస్య: కింది ముందు పంటి ఒక్కదానికే

పెదవిని ముందుకు లాగండి. చిగురు అంచు కదిలినా, తెల్లబారినా పెదవి నుంచి వచ్చే కండపొర దాన్ని గుంజుతోంది. ఆ పొరను తీసి, అవసరమైతే అంగిలి నుంచి గట్టి చిగురు ముక్క తెచ్చి వేస్తారు. పన్ను వరుస తప్పి ముందుకు వచ్చినా, క్యాప్ అంచు చిగురులో గుచ్చుకుంటున్నా ఇలాగే జారుతుంది. అప్పుడు క్లిప్పులో, కొత్త క్యాపో దారి.

సర్జరీ ఎవరికి, ఎంతవరకు

చిగురు ఇంకా దిగుతూ ఉంటే, జివ్వు దేనికీ లొంగకపోతే, నవ్వినప్పుడు కనబడి బాధపెడుతుంటే సర్జరీ ఆలోచించాలి. ఒక మిల్లీమీటరు జారి ఏళ్లుగా అక్కడే ఆగినదాన్ని వదిలేయండి. ఆరునెలలకోసారి ఫోటో తీసి పోల్చుకుంటే చాలు.

ఫలితాన్ని తేల్చేది పళ్ల మధ్య ఉండే త్రికోణపు చిగురు. అది చెక్కుచెదరకుండా ఉంటే వేరు పూర్తిగా కప్పబడుతుందని ఆశించవచ్చు. అది పోయి నల్లటి సందు పడితే సగమే కప్పబడుతుంది, ఒక్కోసారి అదీ కాదు. ఈ సంగతి సర్జరీకి ముందే అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే నమ్మకమైనది అంగిలి లోపలి పొర నుంచి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ముక్క తీసి, వేరు మీద పెట్టి, చిగురును దాని మీదికి జరిపి కుట్టే పద్ధతి. అంగిలి ముక్క వద్దనుకుంటే మీ రక్తాన్నే యంత్రంలో తిప్పి తీసిన పీఆర్‌ఎఫ్ పొర వాడతారు. నొప్పి తక్కువ, కానీ చిగురు అంత మందంగా రాదు.

సర్జరీ తర్వాత చెడిపోయేది ఎక్కువగా ఇంట్లోనే. పెదవి లాగి కుట్లు చూసుకోవడం మొదటి తప్పు, ముక్క కదిలిపోతుంది. కుట్లు తీసేదాకా, సుమారు 10 నుంచి 14 రోజులు, అక్కడ బ్రషు పెట్టకూడదు. డాక్టర్ రాసిన క్లోర్‌హెక్సిడిన్ నీళ్లు రెండు పూటలా నోట్లో అరనిమిషం ఉంచి నెమ్మదిగా ఉమ్మాలి. వాటిని డాక్టర్ చెప్పిన రోజులకు మించి వాడితే పళ్లు గోధుమ రంగు పడతాయి. మొదటి రెండు రోజులు చల్లారిన మెత్తని సంగటి, పప్పు, పెరుగన్నం. ఉగ్గాని, బజ్జీ, జొన్నరొట్టె, ఊరిమిండి రెండు వారాలు పక్కన పెట్టండి. బయటికి కనబడేలా అతికించిన ముక్క మొదటి వారం తెల్లగా, పాలిపోయి ఉంటుంది, భయపడొద్దు. అంగిలి నుంచి రక్తం వస్తే తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి 20 నిమిషాలు తీయకుండా ఒత్తండి. అప్పటికీ ఆగకపోతే వెంటనే వెళ్లాలి.

కడప రిమ్స్ ప్రాంగణంలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ, ఏ డెంటల్ కాలేజీలోనైనా చిగుళ్లకు పీరియడాంటిక్స్ అనే ప్రత్యేక విభాగం ఉంటుంది, ఓపీలో ఆ పేరుతోనే అడగండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడే మందుల చీటీ తీసుకెళ్లండి. గుండెకు రక్తం పలచబడే మందు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, ఆ సంగతి ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేలుస్తారు.