కంపోస్ట్ డబ్బా కంపు ఎలా వదిలిందంటే (నా అనుభవం)

వంటింటి చెత్త ముద్దకట్టి కుళ్ళిన గుడ్ల కంపు కొట్టేది, అడుగున నల్లటి నీరు. సున్నం, కల్చర్ పొడి (చెత్తను కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పొడి), రోజంతా మూత తీసి పెట్టడం, ఏదీ పనిచేయలేదు.

అసలు లోపం గాలి. ఆక్సిజన్ అందకపోతే గాలి అక్కర్లేని బాక్టీరియాదే పైచేయి, అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుదే ఆ కుళ్ళిన గుడ్ల కంపు. మొత్తం బయట పరిచి నీరు ఓడ్చాను, డబ్బా పక్కలకు రంధ్రాలు పెట్టి అడుగున పుల్లలు వేశాను, తర్వాత తడి చెత్త ఒక పాలుకి ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు రెండు పాళ్లు కలిపాను, తూకం కాదు, డబ్బా కొలతే. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి, అందాకా ఎండువి కలుపుతూనే ఉన్నాను. పాత కంపోస్ట్ గుప్పెడు చల్లి నింపేశాక లోపల వేడెక్కింది, కంపు పోయింది.

అమ్మోనియా ఘాటుకీ ఎండు సరుకే పనిచేయొచ్చు, నేను చూడలేదు. చిన్న డబ్బాలు చాలాసార్లు 55 డిగ్రీలు దాటవు, రోగక్రిములు మిగలొచ్చు, అందుకే కలిపాక చేతులు సబ్బుతో కడగండి.